తెలంగాణపు పల్లెలలో క్రైస్తవసంఘములు: వాక్యశ్రవణము, సహపంక్తి

పెగడపల్లి నేడు జగిత్యాల జిల్లాలో నొక మండలకేంద్రము. 2016వ సంవత్సరమున జగిత్యాల ప్రత్యేకజిల్లాగా నేర్పడువఱకు ఈ సీమ కరీంనగరు జిల్లాలోనిది. అంతకు పూర్వము నిజాము ప్రభుత్వమున ఎలగందుల జిల్లాగా వ్యవహరింపబడినది. ఒకవైపు గోదావరి యొడ్డున ధర్మపురి నరసింహస్వామి, మఱియొకవైపు కొండగట్టు ఆంజనేయుడు, కొంత దూరమున వేములవాడ రాజన్న, ఊరూర పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ: ఇట్లు దేవతాసమృద్ధమైన దేశమిది. ఇట్టి దేశమునకు పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున ఒక క్రొత్తగ్రంథము వచ్చినది. దానిని చేపట్టినవారిలో అత్యధికులు చదువనేరని మాలలు, మాదిగలు. అక్షరము లెఱుగని జనసమూహము ఒక పుస్తకము ననుసరించి కలిసి బ్రతుకుట ఎట్లు సాధ్యమైనది? తెలంగాణపు క్రైస్తవచరిత్రలో ముఖ్యప్రశ్న యిదియే. మతము మాఱినవారి సంఖ్యలను, దొరల జీవితములను, కట్టడముల కొలతలను వ్రాసినవారు పలువురు గలరు గాని యీ ప్రశ్న చాలవఱకు ప్రక్కకు బోయినది.

చదువురానివా రనగా సాహిత్యము నెఱుగనివారని యర్థము గాదు. మాదిగలకు జాంబపురాణము గలదు. డక్కలివారు కిన్నెర మీటుచు ఆ పురాణమును వినిపింతురు; భూమి పుట్టుటకు పూర్వమే పుట్టిన ఆదిజాంబవుడు తమ మూలపురుషుడని దాని సారము. చిందువారు యక్షగానము లాడుదురు. బైండ్లవారు జమిడిక వాయించి ఎల్లమ్మకథ చెప్పుదురు. మాలదాసరులు విష్ణుకీర్తనములు పాడుచు వాడవాడ తిరుగుదురు. వీరందఱికిని ఆయా కులములవారు త్యాగము ముట్టజెప్పవలెననుట అనూచానముగా వచ్చుచున్న కట్టడి. రాత్రి పనులు ముగిసిన పిమ్మట వాడయంతయు ఒకచోట గూర్చుండి కథ వినుట, ఆ కథనుబట్టి తా మెవ్వరమో తెలిసికొనుట వీరికి క్రొత్తగాదు. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకము వీథిబడులలో పిల్లల నోట నుండెడిది గాని, ఆ బడుల యరుగులపై మాలమాదిగల పిల్లలకు చోటు లేకుండెను. కావున అక్షరము వీరికి దూరమైనను శ్రవణము దూరము గాలేదు. క్రైస్తవబోధకు దొరికిన పొలము ఇట్టిది. బోధకు లందఱును దీని నెఱిగియే వచ్చిరనుట సాహసము. ఎఱిగినవారి పనిమాత్రము నిలిచినది.

ఆ గ్రంథము తెలుగున కెట్లు వచ్చినదో కొంచెము చెప్పవలసియున్నది. జర్మను దేశీయుడగు బెంజమిన్ షుల్జి చెన్నపట్టణమున నుండి పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున తెనిగించిన ప్రతి అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజెస్ అనువారు ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున మరల పని మొదలిడిరి. ఆ యిరువురును అయిదారేండ్లలోనే గతించిరి. వారి సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడినవి. పిమ్మట విశాఖపట్టణము, నెల్లూరు మొదలగు చోట్ల పలువురు సవరించిరి. ఇట్లు తెలుగు బైబిలు తీరాంధ్రమున పెరిగిన భాష. కచేరిమాటలు ఉర్దూలోను, ఇంటిమాటలు తెలంగాణపు తెలుగులోను నడచు సీమకు అది కొంత పరాయిగనే వినబడియుండును. అయినను అందలి కొన్ని మాటలు ఇచ్చట లోతుగా నాటుకొనినవి.

అట్టి మాటలలో మొదటిది సంఘము. బౌద్ధులనాటినుండి తెలుగుదేశమునకు పరిచితమైన యీ శబ్దము, గ్రీకున విశ్వాసుల కూటమిని జెప్పు శబ్దమునకు పర్యాయముగా గ్రహింపబడినది. అప్పటివఱకు మాలమాదిగల సమూహమునకు కులమనియో వాడయనియో పేరేగాని, తాము చేరి తాము నడుపుకొను కూటమికి పేరు లేకుండెను. 1940 ప్రాంతమున నల్లగొండ, ఓరుగల్లు జిల్లాలలో ఆంధ్రమహాసభను జనులు సంఘమనియే పిలిచిరనుట చరిత్ర నెఱిగినవారికి తెలిసినదే. ఆ శబ్దమునకు పల్లెలలో నంతటి బలము గలదు. రెండవమాట సహవాసము. తెలుగున కలిసి నివసించుట దీని యర్థము. అపొస్తలుల కార్యములలో రెండవ యధ్యాయమున మొదటి విశ్వాసులు ఆస్తులను ఉమ్మడిగ నుంచుకొని, యింటింట రొట్టె విఱిచి భుజించిరని యున్నది. అచ్చటి భావమునకు ఈ మాట చక్కగ నమరినది. మూడవమాట బల్ల. ఇది అంతగా నమరలేదు. క్రీస్తు కడపటి విందునకు గుర్తైన సంస్కారమును ప్రొటెస్టంటులు ప్రభువు బల్లయనిరి. తెలుగు పల్లెలో బల్లపై భుజించువా రెవ్వరు? నేలపై పంక్తిదీరి కూర్చుండుట మన యాచారము. పంక్తి యని తెనిగించియుండినచో ఆ బోధలోని పదును మొదటిదినముననే గ్రామమునకు తగిలియుండెడిది. ఎవరి ప్రక్కన నెవరు గూర్చుండుదురనునదియే గదా మన గ్రామమున సర్వవ్యవస్థకును కీలకము!

వాక్యము పల్లెలకు వ్యాపించిన మార్గమును గ్రహించుటకు తెలంగాణము వెలుపల నొక యుదాహరణము మేలైనది. ఒంగోలు సీమలో ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ యుండెను. తోళ్ల వర్తకము చేయువాడు; అంతకు పూర్వమే యోగమార్గమున గురూపదేశము పొందినవాడు. ఇతని పిలుపుపై అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1867 జనవరిలో తాళ్లకొండపాడునకు బోయి, చింతలక్రింద కొన్నిదినములు కూటములు జరిపి, 28 మందికి బాప్తిస్మ మిచ్చెను. వచ్చినవారందఱు పేరయ్య బంధువులు, వారి బంధువులు. బోధ నడచినది దొరల బాటలపై గాదు, పెండ్లిసంబంధముల బాటలపైని. వారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని మానుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములను గొలువకుండుట. చూచుటకు స్వల్పములు. కాని మాదిగవాడు ఆదివారము పనికి రాననిన మోతుబరి యూరకుండునా? జాతరలో డప్పు కొట్టననిన ఊరు సహించునా? మూడు నియమములును గ్రామవ్యవస్థ యొక్క మూడు కట్లపై దెబ్బలు. ఒక్కడుగా నెవ్వడును వీనిని పాటింపజాలడు. వాడయంతయు కలిసి నిలిచినగాని సాగదు. వేదాంతచర్చవలన గాక యీ యవసరమువలననే సంఘము పుట్టినది.

1876-78 నాటి మహాక్షామమున క్లౌ బకింగుహాము కాలువపనిలో కొంతభాగము గుత్తకు దీసికొని వేలమందికి కూలి చూపెను. కూటికొఱకు చేరిరను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. నిలిపిన గట్టు తెగినట్లు 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇంత చేసినను ఆ యపవాదు పోలేదు, నేటికిని పోలేదు.

నిజాము రాష్ట్రమున వెస్లియను మెథడిస్టుల తెలుగుపని విలియం బర్జెస్ సికిందరాబాదునకు వచ్చుటతో 1880 ప్రాంతమున ఆరంభమై, కరీంనగరు, మెదకు మొదలగు చోట్లకు వ్యాపించినది. చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదకును కేంద్రముగా జేసికొని, కఱవుకాలమున జనులకు పని చూపుచు 1914లో మొదలిడిన గొప్పదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 175 అడుగుల శిఖరమును జూచి నివ్వెఱపోవువారు నేటికిని వేలు. ఐనను యీ వ్యాసమునకు ముఖ్యమైన విషయము శిఖరము గాదు. వాడలలోని మట్టిగోడల ప్రార్థనాగృహములు. వానినిగూర్చి మిక్కిలి యాలోచించినవాడు దోర్నకలు బిషప్పు అజరయ్య.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్విళై గ్రామమున పుట్టెను. తండ్రి క్రైస్తవగురువు. తెలుగు ఆయన మాతృభాష గాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంతధనముతో నొక మిషనరీసంఘమును స్థాపించుకొనిరి. అందు ఆయన ముఖ్యుడు. తమిళులు తెలుగువారికి బోధకులుగా వచ్చుట, అదియు విదేశధనము లేకుండ వచ్చుట, ఆనాటికి విశేషమే. 1909లో ఆయన స్వయముగా దోర్నకలు జేరెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన భారతీయులలో ఆయనయే ప్రథముడు. దోర్నకలు నాడొక రైలుకూడలి మాత్రమే. నేడు మహబూబాబాదు జిల్లాలో నున్నది.

ఈ రెండు సంవత్సరముల నడుమ నొక సంఘటన గలదు. 1910లో ఎడింబరో నగరమున జగన్మిషనరీ మహాసభ జరిగెను. అందు అజరయ్య మాటలాడుచు, పాశ్చాత్యమిషనరీలు భారతీయసహోద్యోగులతో కలసిమెలసి యుండరనియు, ఏండ్లతరబడి కలిసి పనిచేసియు తమ యింటికి భోజనమునకు పిలువనివారు గలరనియు ఎత్తిచూపెను. వారి త్యాగములను గొనియాడియే, తుదకు తమకు గావలసినది స్నేహితులని యర్థించెను. సభలో కొందఱు నొచ్చుకొనిరి. దొరలకును దేశీయులకును నడుమ నున్న పంక్తిభేదమును ఆయన అచ్చట బయటపెట్టెను. ఆ ప్రశ్నయే కొలది సంవత్సరములలో తెలంగాణపు వాడలయందు మఱియొక రూపమున ఆయన యెదుట నిలిచినది.

దోర్నకలు ప్రాంతమున బోధ సాగినవిధ మిది. వాడలో నొక ఉపాధ్యాయుడు కాపురముండును. తఱచు అతడును ఆ కులములవాడే. కొంచెము చదువుకొని, భార్యతో గూడ శిక్షణము పొంది వచ్చినవాడు. పగలు పిల్లలకు బడి. ప్రొద్దుక్రుంకి, కూలికి బోయినవారు తిరిగివచ్చి, గంజియో సంకటియో త్రాగినపిమ్మట గంట మ్రోగును. ప్రార్థనాగృహమున నొక దీపము. ప్రభుప్రార్థన, విశ్వాసప్రమాణము, పదియాజ్ఞలు అందఱును కలిసి పలుకుదురు. ఒకరు ముందు, తక్కినవారు వెనుక. బాప్తిస్మము గోరువారు వీనిని కంఠస్థము జేయవలెను. పిదప సువార్తలోని యొక కథ. ఉపాధ్యాయుడు చెప్పును, వినినవారిలో నొకరు మరల చెప్పవలెను, తప్పినచోట ప్రక్కవా రందింతురు. విత్తువాని కథ, తప్పిపోయిన గొఱ్ఱె కథ, కూలివాండ్ర కథ, అప్పు మన్నింపబడియు తోటివాని అప్పును మన్నింపనివాని కథ వ్యవసాయకూలీలకు వ్యాఖ్యానము కోరవు. పొలముననే యున్నవారికి విత్తువాని నెవ్వరు పరిచయము చేయవలెను? పండితుడు పుస్తకమున వెదకు అర్థము వారికి మఱునాటి పనిలోనే కనబడును.

క్రొత్తగ బాప్తిస్మము పొందినవారిచే అజరయ్య ఒక క్రియ చేయించెడివాడు. తలపై చేయి యుంచుకొని, సువార్తను ప్రకటింపకున్న తనకు శ్రమయను పౌలుమాటను పలుకవలెను. అనగా వినినవాడు వినుటతో తీఱిపోడు; వినిపింపవలసినవాడు గూడ. డక్కలివారి పురాణమున శ్రోత యెప్పటికిని శ్రోతయే, చెప్పువాడు చెప్పువాడే. ఇచ్చట ఆ విభాగము చెఱిగినది. అక్షరజ్ఞానము లేని స్త్రీ తన పుట్టింటికి బోయినపుడు కథను మోసికొనిపోవును. 1935 నాటికి ఆయన మండలమున దేశీయగురువులు రమారమి 250 మంది, గ్రామోపాధ్యాయులు 2,000కు పైబడి యుండిరి. ఆ వ్యాప్తిని గురువుల కొలతతో మాత్రము లెక్కించుట పొరపాటు.

పాట లేనిచో ఇదంతయు నిలువకపోయెడిది. తెలుగు క్రైస్తవకీర్తనలకు మార్గదర్శి పురుషోత్తమ చౌదరి (1803-1890). బ్రాహ్మణవంశజుడు, కీర్తనకారుడు, యేసునాయకశతకకర్త. రాగతాళములు నిర్దేశించి పల్లవి, అనుపల్లవి, చరణములుగ రచించు సంప్రదాయము నాయన క్రైస్తవవిషయమునకు మలచెను. నేటికిని ఆంధ్రక్రైస్తవకీర్తనల పుస్తకమున ప్రతి పాటపైని రాగతాళములు అచ్చుపడియుండును. పాడువారిలో ఆ రాగముల పేరు లెఱిగినవారు అరుదు. తెలంగాణపు వాడలలో ఆ కీర్తనలు తబలాకు, తాళమునకు, తఱచు డప్పునకు లొంగి భజనపాటలైనవి. శాస్త్రజ్ఞునికి రాగము చెడినట్లు తోచవచ్చును. కాని డప్పు విషయమున నొక చిక్కు గలదు. గ్రామదేవత జాతరలో కొట్టవలసిన డప్పు మాదిగకు వెట్టి. వెట్టికి గుర్తైన వాద్యమును ప్రార్థనలోనికి దీసికొనిరావలెనా, విడిచిపెట్టవలెనా? మిషనరీలలో కొందఱు విడువుమనిరి. వాడవారిలోను కొందఱు అవమానచిహ్నమని దానిని త్రోసివేసిరి. మఱికొందఱు పెండ్లికిని క్రిస్మసునకును తమయిష్టముతో మ్రోగించి, దానిని తమదిగ జేసికొనిరి. ఈ రెండును స్వాతంత్ర్యమార్గములే.

దోర్నకలు బోధలో నాలుగు భూతములు ప్రసిద్ధములు: మురికి, రోగము, అప్పు, తాగుడు. భూతవైద్యుని కెఱుకైన పల్లెకు భూతములభాషలోనే యీ యుపదేశము. కల్లు మానుట యనగా ఒక్కని నిగ్రహము గాదు. పెండ్లిలో, చావులో, కులపంచాయతిలో కల్లు లేక పని జరుగని యాచారము. తప్పునకు దండుగ కల్లుకుండయే. సంఘపెద్దలు దానిని మార్చి, దండుగను సంఘనిధికి జేర్చిన చోట్ల తాగుడు తగ్గెను. ఒట్టుమాత్రము పెట్టించుకొనిన చోట్ల మరల వచ్చెను. అప్పు విషయమున సహకారసంఘములు పెట్టబడెను. దొరవద్ద పుట్టెడు ధాన్యమున కై తరతరములు జీతముండు కుటుంబములకు ఇది చిన్నసంగతి గాదు.

ఇచ్చుటను గూర్చిన బోధ అన్నిటికంటె విచిత్రము. తినుటకు లేనివారికి ఈయవలెనని బోధించుట క్రూరమని తలచువా రుండిరి. అజరయ్య అట్లు తలపలేదు. క్రైస్తవదానధర్మమును గూర్చి యొక గ్రంథమే వ్రాసెను. ఇల్లాలు పూటపూట వంటకు దీసిన గింజలనుండి పిడికెడు వేఱుకుండలో వేసి, వారాంతమున సంఘమునకు దెచ్చును. కోతపండుగనాడు ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు, మేకపిల్లలు ఊరేగింపుగా వచ్చును. అప్పటివఱకు ఈ జనులు కళ్లమున మిగిలినది అడుగుకొనుటకు పోవువారు. ఊరి పంటలో తమ భాగము పరుల చేతినుండి యెత్తుకొనువారు. కోతపండుగనాడు ఇచ్చువారు తామైరి. దరిద్రుని దాతగా నిలబెట్టుటకంటె గౌరవప్రదమైన బోధ మఱియొకటి కానరాదు.

ఈ మార్పును ఊరు చూచుచుండెను. 1930వ దశకమున తెలుగుదేశమున పలుచోట్ల శూద్రకులములవారును గొందఱు క్రైస్తవమున చేరజొచ్చిరి. దానిని పరిశీలించి జె. వాస్కం పికెట్ 1938లో ప్రకటించిన గ్రంథమున, మాలమాదిగల నడవడిలో గనబడిన మార్పే వారి నాకర్షించిన ముఖ్యకారణములలో నొకటియని తేలినది. ఆ దశకముననే గాంధీ హరిజనపత్రికలో సామూహికమతాంతరములను గట్టిగ విమర్శించెను: అర్థము తెలియక, లౌకికలాభమునకై చేరుచున్నారని. అజరయ్య ప్రత్యుత్తరములిచ్చెను. గాంధీ భయము నిరాధారము గాదు. లాభాపేక్షతో చేరినవారు ఉండిరి. కాని మాదిగకు స్వయముగా నాలోచించి నిర్ణయించు శక్తి లేదను భావమొకటి ఆ విమర్శలో నడుగున నున్నదనుట గూడ నిజము. రాత్రికూటమున కథ విని తిరిగి చెప్పినవానికి అర్థము తెలియదనుట యెట్లు?

ఇంతవఱకు జెప్పినది శ్రవణము. ఇక పంక్తి. ఇచ్చటనే యసలు పరీక్ష.

మాలలు మాదిగలు అన్యోన్యము అస్పృశ్యులుగ వర్తించువారు. బావి వేఱు, వాడ వేఱు. ఒకరియింట నొకరు నీరు త్రాగరు. తీరాంధ్రమున మిషను లొక్కొక్కటి యొక్కొక్క కులమున ప్రబలి, ఒంగోలు బాప్తిస్టులలో మాదిగలు, గుంటూరు లూథరనులలో మాలలు అధికులై, ఆ భేదమునకు మతశాఖయే ముసుగైనది. తెలంగాణమున పలుచోట్ల ఉభయులును ఒక్కసంఘమునకే వచ్చిరి. రొట్టె యొక్కటి, పాత్ర యొక్కటి. మాల పెదవి తాకిన పాత్రను మాదిగ తాకవలెను. మాదిగ తాకినదానిని మాల తాకవలెను. వారు విన్న గ్రంథమున దీనికి నేరుగా సంబంధించిన రెండు ఘట్టములు గలవు. కొరింథులో ధనికులు ముందుగ వచ్చి తిని త్రాగగా దరిద్రు లాకటితో మిగులుట. దానికి పౌలు మందలించుట. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో గూడ భుజించి, యెరూషలేమునుండి తనవారు రాగానే వెనుదీయుట. అందఱియెదుట పౌలు అతనిని నిలదీయుట. అంతియొకయను తీసివేసి ఏ పల్లెపేరు నుంచినను కథ మాఱదు. చుట్టములు వచ్చినపుడు ప్రక్కవాడ విశ్వాసిని పంక్తినుండి దూరముంచువా డెవ్వడో వినువారందఱికిని తెలియును.

ఫలితము మిశ్రమము. ప్రభుసంస్కారమున నొక్కపాత్ర నెలకొనినది. అది స్వల్పవిజయము గాదు. కాని ప్రార్థనాగృహమున గుంపులు వేర్వేఱుగ గూర్చుండుట చాలకాలము నడచినది. కొన్ని గ్రామములలో మందిరములే వేఱైనవి. పెండ్లిసంబంధము అరుదులలో అరుదు. సంస్కారముననే కలిసి, వెలుపలికి వచ్చినతోడనే విడిపోవుటను అజరయ్య జీవితాంతము నొచ్చుకొనుచు ఖండించెను. బోధ వచ్చినబాట చుట్టరికపు బాటయని పైని చెప్పబడినది గదా. ఆ బాటయే గోడ గూడ నైనది. చుట్టములద్వారా శీఘ్రముగ వచ్చిన విశ్వాసము చుట్టరికముల యెల్లకడ నాగినది. ఈ సంగతిని మిషనుల స్తోత్రము వ్రాయువారు మఱచుదురు. మిషనులను దూషించువారు దీనినే పట్టుకొని తక్కినదంతయు మఱచుదురు.

ఇట్టి సందర్భముననే యొక కథనము చెప్పుకొనుచుందురు. డాక్టరు అంబేద్కరు హిందూమతమును విడుతునని 1935లో ప్రకటించిన పిమ్మట అజరయ్యతో మాటలాడుచు, తమవారు క్రైస్తవులైనచో ఎల్లెడల నొక్కసంఘముగ నుండగలరా యని యడిగెనట. అన్ని శాఖలుగ చీలియున్న క్రైస్తవుల పక్షమున అజరయ్యకు సిగ్గే యుత్తరమైనదట. కథనమెట్లున్నను, సంఘైక్యమునకై ఆయన పాటుపడుట చరిత్రసిద్ధము. 1919 మే నెలలో తరంగంబాడిలో సమావేశమై ఐక్యమునకు పిలుపు నిచ్చిన గురువులలో ఆయన ముఖ్యుడు. వేర్వేఱు శాఖలవారు ఒక్క బల్లయొద్దకు రాజాలమి ఆయనకు మాలమాదిగల భేదమునుండి వేఱైన ప్రశ్నగ తోచలేదు. 1945 జనవరి 1న ఆయన గతించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణమున నేర్పడెను.

దోర్నకలు దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైనది. గుమ్మటములు మహమ్మదీయశిల్పమును, స్తంభములు ద్రావిడశిల్పమును దలపించును. పండ్రెండు స్తంభములు పండ్రెండుగురు శిష్యులకు గుర్తులు. మెదకు ఆంగ్లదేశపు గోథికురీతి; ఇది నిజాము రాష్ట్రపు మట్టినుండి లేచిన రూపము. ఒక గుడికి రెండవవాడను గుడిప్రవేశమే లేనివారు తాము గట్టిన గుడిలో రాతిస్తంభములనడుమ నేలపై గూర్చుండుట యనునదియే అందలి శిల్పములకంటె గొప్పవిశేషము.

స్వాతంత్ర్యానంతరము ఈ పల్లెసంఘముల స్థితిని నిష్పక్షపాతముగ దెలుపు గ్రంథము పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ గార్లు మెదకు మండలపు గ్రామములను పరిశీలించి 1968లో ప్రకటించినది. గ్రామక్రైస్తవులు చర్చికి వచ్చుచునే పలువురు ఊరిదేవతల మొక్కులను, జాతరలను పూర్తిగ విడువలేదనియు, వారి వేదాంతము పుస్తకమునకంటె పాటలో నెక్కువగ నున్నదనియు వారు చూపిరి. దీనిని పతనమని యెంచిన గురువులు గలరు. ఊరిలో నున్నంతకాలము ఊరితో నేదో యొక సంధి లేక దీనుడు బ్రతుకలేడను సంగతిని వారు మఱచిరి. పోచమ్మకు బోనమెత్తిన చేతితోనే పిడికెడు బియ్యము సంఘపుకుండలో వేసిన స్త్రీని ఏ పద్దున వ్రాయవలెను?

ప్రభుత్వపు పద్దు మఱియొక చిక్కు తెచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వువలన షెడ్యూల్డుకులముల హక్కులు హిందువులకే పరిమితమైనవి. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినవి గాని క్రైస్తవులకు రాలేదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారును వారి సంతతియు ఆంధ్రప్రదేశమునను, తరువాత తెలంగాణమునను వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కింపబడి, నూటి కొక్కవంతు రిజర్వేషనునకు పాత్రులైరి. ఊరిలో మాత్రము వాడ మాఱలేదు, పంక్తి మాఱలేదు. కావున అనేకులు సంఘపు పుస్తకమున నొక పేరును, పాఠశాల పుస్తకమున నొక పేరును వ్రాయించిరి. బాప్తిస్మమున పౌలు, దావీదు, మరియమ్మ. బడిలో పోచయ్య, మల్లయ్య, లచ్చమ్మ.

1978లో దోర్నకలు మండలమునుండి కరీంనగరు ప్రత్యేక అధ్యక్షమండలముగ వేఱుపడినది. పెగడపల్లి, జగిత్యాల సీమలు దాని పరిధిలోనివి. ఇటీవలి దశాబ్దములలో స్వతంత్రప్రార్థనామందిరములును పెక్కు వెలసినవి. కీర్తనల స్థానమున సినిమాబాణీల పాటలు, రాత్రిదీపము స్థానమున ధ్వనివర్ధకములు వచ్చినవి. చదువు వచ్చినది గనుక ప్రతియింట నొక బైబిలు గలదు. వినినకథను మరల చెప్పించు పాతపద్ధతి చాలచోట్ల పోయినది, కోతపండుగ పోలేదు. కార్తికము దాటి వరికోతలైన పిమ్మట ధాన్యపుగంపలు ఇప్పటికిని మందిరపు గడపను జేరుచున్నవి. ఆనాటి భోజనమున ఏ వాడవారి ప్రక్కన ఏ వాడవారు కూర్చుండుదురనునది ఊరూర వేర్వేఱుగ నున్నది.